నా వీపు మీద మద్దిలేటి నీళ్ళు

నమోదు 1. కింది ఠాణా

గట్టు నడకకు పోయే ప్రతివాళ్ళూ ఆగిన చోటల్లా పలకలో నాలుగు ముక్కలు రాయాలని మా గట్టు కూలీల ఠాణా నియమం. వల ఎలా ఉంది, గాలి ఎలా ఉంది, కాళ్ళు ఎలా ఉన్నాయి, అంతే. నేను మాత్రం జరిగింది జరిగినట్టు రాయబోతున్నాను. ఈ పలక దిగాక గానీ ఎవరి చేతికీ పోదు కాబట్టి అసలు సంగతి ముందే రాసేస్తున్నాను. నేను పైకి పోతున్నది మద్దిలేటిని చంపడానికి.

నా పేరు ఓబుళమ్మ. పోయిన ఎండాకాలం ఈ పళ్ళగట్టు మీద చచ్చిపోయిన సుంకన్న నా తమ్ముడు. వాడికి జోడీగా నడిచినవాడు మద్దిలేటి. ఇద్దరు ఎక్కితే ఒక్కడే దిగాడు.

పొద్దున మస్తాన్‌బీ నీళ్ళ తిత్తులు పంచింది. ఠాణాకు పెద్ద ఆమే. నడకలో ఎవరి నీళ్ళు వాళ్ళు మోయరు. నా నీళ్ళు మద్దిలేటి వీపు మీద, మద్దిలేటి నీళ్ళు నా వీపు మీద. తిత్తి మూతికి వేలితాళం ఉంటుంది, అది మోసేవాళ్ళ వేలికే తెరుచుకుంటుంది. దప్పికైనవాళ్ళు "నీళ్ళియ్యి" అని అడగాలి. మోసేవాళ్ళు "నీ నీళ్ళే, తాగు" అని తెరిచివ్వాలి. కాలు బెణికినవాణ్ణి రాళ్ళలో వదిలేసి బలమున్నవాడు దిగిపోయే రోజుల్లో పెద్దవాళ్ళు పెట్టిన కట్టుబాటు ఇది. జోడీ చస్తే వాడి నీళ్ళు చుక్క ముట్టకుండా కిందికి తెచ్చి, ఇంటివాళ్ళ ముందు గడపలో ఒంపాలి.

మద్దిలేటి మా అమ్మ ముందుకు ఖాళీ తిత్తి తెచ్చాడు.

"జారి గుంతలో పడినాడు. పడినంతనే పోయినాడు" అన్నాడు. మా అమ్మ, "ఏమన్నా అన్నాడా నాయనా, నా కొడుకు?" అని అడిగింది. తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి గట్టు దిగిన ప్రతి మనిషినీ పట్టుకుని అమ్మ అదే మాట అడుగుతుంది. వాళ్ళేం చెబుతారు పాపం, పక్కన ఉన్నవాళ్ళా పాడా.

ఖాళీ తిత్తి అంటే ఏమిటో ఠాణాలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. తన నీళ్ళు అయిపోగొట్టుకుని, మావాడి నీళ్ళకు ఆశపడి, వాణ్ణి గుంతలోకి తోశాడు. అప్పటి నుంచి మద్దిలేటితో జోడీ కట్టే మగవాడు లేడు, ఆడది లేదు. కాలువలు తోడుకుని బతుకుతున్నాడు. అలాంటివాడికి జోడీగా నేను పేరిస్తే మస్తాన్‌బీ నన్ను పక్కకు లాగింది.

"తెలిసే పోతాండావా మ్మే? వాని నీళ్ళు నువ్వు మోస్తావు, సరే. నీ నీళ్ళు వాడు మోస్తాడని గెవనముండాదా?"

"ఉండాదిలే అక్కా. నాకేం భయం?"

"నాకుండాది భయం" అంది మస్తాన్‌బీ. ఎవరి గురించో చెప్పలేదు.

అమ్మను చిన్నమ్మ ఇంట్లో వదిలాను. నేను నీళ్ళివ్వకపోతే వాడూ నాకివ్వడు, ఇద్దరం పోతాం. పోనీ. నాకు దిగి రావాలన్న పట్టింపు లేదు.

నమోదు 2. మొదటి వల

పళ్ళగట్టుకు ఆ పేరు ఊరికే రాలేదు. సున్నపురాయి వానకు కరిగి కరిగి కోరలు తేలింది. చెప్పు అడుగు ఎంత మందంగా ఉన్నా సాయంత్రానికి కోతలు పడతాయి. చెట్టనేది లేదు. పగుళ్ళలో పిడికెడు ఎర్రమన్ను ఎక్కడైనా ఉంటే అందులో ఒక జెముడు, అంతే సంపద. ఎంత వాన పడినా చుక్క నిలవదు, మింగుడుగుంతల్లోకి పోతుంది. పైన పలచటి రాయి కప్పుకుని కొన్ని గుంతలు కనపడను కూడా కనపడవు. అందుకే కట్టెతో కొట్టి, చప్పుడు విని అడుగెయ్యాలి. గట్టి రాయి టక్కుమంటుంది. బోలు రాయి కుండలా పలుకుతుంది.

ఎడమ పక్క నిలువు లోయ, దాని కింద పెద్దచెరువు. నీళ్ళు ఆవిరైపోకుండా నగరం వాళ్ళు దానికి తోలు కప్పారు, పాల మీద మీగడ కట్టినట్టు. ఎండ వాలేకొద్దీ ఆ తోలు వెండి నుంచి రాగికి మారుతుంది. అందంగా లేదని రాస్తే అబద్ధమవుతుంది. దాని అందం తగలెయ్య! నడిచినంత సేపూ కంటి ఎదురుగానే ఉంటుంది, నీళ్ళ దాకా దిగే దారి మాత్రం ఎక్కడా లేదు. దిగినా ఆ తోలు మీద వేలు పెట్టినవాణ్ణి కాపలా మరలు అక్కడే కాలుస్తాయి.

మా పని ఆ చెరువును నింపడమే. తెల్లవారుజామున గట్టు మీదికి పొగమంచు వస్తుంది. వరసగా నిలబెట్టిన వలలు దాన్ని పట్టి గొట్టాల్లోకి ఒంపుతాయి. వలకు పట్టిన సున్నం పొక్కును మేం గీకాలి. ఆకాశం పొడుగునా నగరానికి కరెంటు మోసే కిరణాలు దిగుతున్నాయి కాబట్టి ఎగిరే మరలు ఇక్కడికి రాలేవు, కాళ్ళున్న మర ఈ కోరల మీద నడవలేదు. మనిషైతే నడుస్తాడు, పైగా చవక. వల నీళ్ళు మేం తాగుతామేమోనని సున్నం కరిగే మందు కలిపి పెట్టారు. తాగితే పేగులు కూడా కరుగుతాయి, నగరం వాళ్ళు మాత్రం వడగట్టుకుని తాగుతారు.

వల గీకడం అయ్యాక మద్దిలేటి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. నలభై దాటి ఉంటాయి, ఎండు కట్టెలాంటి మనిషి.

"నీళ్ళియ్యమ్మా."

"నీ నీళ్ళే మద్దిలేటన్నా, తాగు" అన్నాను. 'అన్నా' అనేటప్పుడు నాలుక మీద చేదు తగిలింది. రెండు గుక్కలు తాగి మూతి తుడుచుకుని తిత్తి తిరిగిచ్చాడు. వాడి గొంతు కిందికీ పైకీ ఆడటం చూస్తూ నిలబడ్డాను. ఇంకొన్నిసార్లు ఆడనీ అనుకున్నాను.

నమోదు 3. వలల మధ్య

వాడు మంచివాడిలా ఉంటాడు, అదే నాకు కంపరం. పదును రాళ్ళున్న వైపు తను నడుస్తాడు, చదును నాకొదులుతాడు. మధ్యాహ్నం రాతి నీడలో జొన్నరొట్టె తుంచి పెద్ద ముక్క నా వైపు తోశాడు. చెనక్కాయల పొడి కూడా నాకే ఎక్కువ వడ్డించాడు. కొంగ జపం! ఈ మర్యాదలన్నీ మా సుంకన్నకు కూడా చేసే ఉంటాడు.

నేను నీళ్ళు అడిగితే, అడిగిన నోరు మూసుకునేలోపల తిత్తి తెరిచి ఇస్తాడు. నేను తాగేటప్పుడు తల తిప్పుకుని చెరువు వైపు చూస్తాడు.

రేపు నడిమి వల. అక్కడి నుంచి వెనక్కి పోయినా, ముందుకు పోయి అవతలి కొసన తూము ఠాణాలో దిగినా ఒకటే దూరం. నీళ్ళు లేనివాడు ఎటూ చేరలేడు. నేను ఎంచుకున్న చోటు అదే. వాడికి చెరువు బాగా కనపడేలా కూర్చోబెడతాను. అన్ని నీళ్ళు చూస్తూ నాలుక పిడచకట్టుకుని పోవాలి. ఈ ఆలోచన వస్తే నాకు కాళ్ళ నొప్పి తెలియడం లేదు.

నమోదు 4. నడిమి వల

ఎండ నడినెత్తికి వచ్చింది. వాడు వల స్తంభం దిగి, నడుముకు కట్టుకున్న తాడు విప్పి చుట్ట చుట్టాడు. ఒళ్ళంతా సున్నం. నా ముందుకొచ్చాడు.

"నీళ్ళియ్యమ్మా."

"ఇయ్యను."

గట్టు మీద ఈ మాట అన్న మనిషి ఉన్నాడని నేను వినలేదు. అన్నాక తేలిగ్గా అనిపించింది. వాడు అరుస్తాడనుకున్నాను, మీద పడతాడనుకున్నాను. తాడుచుట్ట పక్కన పెట్టి కింద కూర్చున్నాడు.

"సుంకన్న అక్కవు గదా నువ్వు" అన్నాడు.

నేను ఠాణాలో అత్తింటి ఊరి పేరు చెప్పి చేరాను, వాడు ఖాళీ తిత్తి తెచ్చిన నాడు నేను ఊళ్ళో లేను. మస్తాన్‌బీకి తప్ప ఎవరికీ తెలీదు.

"ఎవురు చెప్పినారు నీకు?"

"కట్టె కొట్టే తీరు. రెండు దెబ్బలు, ఆగి ఇంకోటి. మీ ఇంట్లో వాళ్ళే కొడతారట్ల. ఎక్కిన నాడే తెల్సు."

"తెలిసీ ఏంటికొచ్చినావురా మరి?"

"ఎవురో ఒకరు అడగాల గదా. అందురూ తిత్తి చూసి మొగం తిప్పుకొని పోయినారు గానీ, ఏమైందిరా అని నన్నడిగినోడు లేడు."

"అడగాల్నా నిన్ను? మా యమ్మ అడగలేదా?"

వాడు కట్టె అందుకున్నాడు. "గుంత కాడికి పోదాం రా. ఆడ చెప్తా. నీళ్ళియ్యకుంటే మానెయ్" అన్నాడు. లేచి కట్టె కొట్టుకుంటూ ముందు నడిచాడు. పారిపోతున్న మనిషి నడకలా లేదు. కావాలంటే నా నీళ్ళతో సహా వెనక్కి పోవచ్చు, నా తిత్తి తెరిచే వేలు వాడిదే. పోలేదు. నేను తిట్టుకుంటూ వెనకాల నడిచాను.

నమోదు 5. గుంత

దారికి రెండు బారల పక్కన ఉంది. నోరు చిన్నది, ఒక మనిషి పట్టేంత. లోపలి నుంచి చల్లగాలి వస్తోంది, కుండ మూత తీసినట్టు. బోర్లా పడుకుని తల లోపలికి పెట్టాను. చీకటి. చాలా లోతున ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు సన్నగా వినిపించింది. "సుంకన్నా" అని పిలిచాను. నా గొంతే నాకు తిరిగొచ్చింది.

నేను లేచి కూర్చున్నాక మద్దిలేటి చెప్పాడు. వాడు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"మాట్లాడుకుంటా వస్తాండాం. ఆ పొద్దు వాడు చెరువు దిక్కు చూసుకుంటా కట్టె కొట్టల్యా. రాయి ఇరిగి లోపలికి పోయినాడు. నా నీళ్ళ తిత్తి వాని వీపు మీదుండె గదా, అది పడతానే పగిలింది, ఆ సప్పుడు పైకి ఇనపడింది. తాడేసినా, అందల్యా. పోయినాడనే అనుకుంటి. ఇంతలోకి లోపల్నించి, 'చల్లగుండాదన్నా ఈడ, నువ్వూ రా' అన్న్యాడు."

ఆ వెక్కిరింపు మా వాడిదే. ఇంకెవరికీ రాదు.

"పడినంతనే పోయినాడని చెప్పినావే మా యమ్మకు!"

"పోల్యా. తొడ ఇరిగి ఇరుక్కోనుండె. 'మా యక్కకు చెప్పొద్దన్నా, కట్టె కొట్టకుండా అడుగేసినానని. తంతాది' అన్న్యాడు. నీళ్ళు పారే సప్పుడు ఇనపడ్తాందని, చెయ్యి అందడం ల్యాదని చెప్పినాడు. ఆమీట 'నీళ్ళియ్యన్నా' అన్న్యాడు. వాని తిత్తి నా కాడ నిండా ఉండె. నా తువ్వాల తాడు కొనకు కట్టి, తడిపి, లోపలికి ఇడిసినా. దాన్నించి కారిన చుక్కలు వాని మొగాన పడ్తాండాయంట. 'పడ్తాండాయన్నా, ఇంగా' అనె. సగం తిత్తి అట్ల పోసినా."

"మిగిలిన సగం?"

వాడు తల ఎత్తి నా మొహం చూశాడు. అప్పటిదాకా చూడలేదు.

"ఎండ యాళకు వాడు పలకడం మానేసినాడు. పిలిచినా. మల్లా పిలిచినా. పలకల్యా. నా నీళ్ళు కింద పగిలిపాయె, నాలిక లోపలికి పోతాండె. తిత్తి ఎత్తినా. తాగుతాంటే, లోపల్నించి 'అన్నా' అన్న్యాడు."

"అప్పుడు?"

"తాగుడు ఆపల్యా."

చెరువు మీది గాలి వచ్చి గుంత నోట్లో ఊళ పెట్టింది. వాడు ఇంకా చెబుతున్నాడు.

"అంతా తాగినాక పలికినా. మల్ల వాడు మాట్లాడల్యా. చెప్పొద్దని వాడు నా నోరు కట్టినాడని మూసుకోనుంటి అనుకోవద్దు. నన్ను నేను కాపాడుకోడానికే మూసుకుంటి. తోసినాడని జనమనుకుంటే అనుకోనీ, అదే తేలికనిపించె. జరిగింది అంతకంటే అద్వాన్నం."

నాకు ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది, మునుపటి కంటే ఎక్కువగా. తోసినవాడైతే తోశాడని చంపేదాన్ని, పని సులువుగా ఉండేది. వీడు సగం పోశాడు, సగం తాగాడు. ఆ పోసిన సగానికి నేను వీడి కాళ్ళు కడగాలా? 'అన్నా' అని పిలుస్తుంటే గుటకలు వేసిన గొంతు ఇదే కదా, మొన్నటి నుంచి నేను చూస్తున్నది!

వీపు మీది తిత్తి దింపి నా వేలితో తెరిచాను. అందులో వాడి నీళ్ళు సగానికి పైనే ఉన్నాయి. గుంత నోటి మీద తలకిందులు చేశాను. నీళ్ళు పడుతున్నంత సేపూ వాడు చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారి కూడా చెయ్యి అడ్డం పెట్టలేదు.

"పొయ్యి. వానివే అవి" అన్నాడు.

వాడు అలా అన్నందుకు ఆ ఖాళీ తిత్తితోనే వాడి మొహం మీద కొట్టాను.

నమోదు 6. చివరి వలల దారి

మద్దిలేటికి నీళ్ళు లేవు. నాకున్నాయి, వాడి వీపు మీద. మేం మాట్లాడుకోవడం మానేశాం, ఒక్క మాట తప్ప.

"నీళ్ళియ్యి" అంటాను.

"నీ నీళ్ళే, తాగు" అంటాడు.

నాకు దప్పిక లేకపోయినా అడుగుతున్నాను. వాడి ఎదురుగా నిలబడి, చెరువుకు వీపు తిప్పి, వాడి కళ్ళు చెరువునూ నన్నూ ఒకేసారి చూసేలా తాగుతున్నాను. గడ్డం మీద నుంచి కొంచెం కారనిస్తున్నాను కూడా. తుడుచుకోను. ఇది రాయడానికి నాకు సిగ్గు లేదు.

నిన్న సాయంత్రానికి వాడి పెదాలు సున్నపురాయిలా పగిలాయి. ఈ పొద్దున 'నీ నీళ్ళే' అన్న మాటలో 'నీళ్ళు' రాలేదు, గాలి వచ్చింది. వల స్తంభం ఎక్కబోతే రెండుసార్లు జారాడు. ఎక్కొద్దని నేను అనలేదు. నేను నిద్రపోయినప్పుడు తాగి ఉంటాడని పొద్దున తిత్తి ఎత్తి బరువు చూశాను. చుక్క తగ్గలేదు. తాగి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో! కడుపారా తిట్టేదాన్ని, వదిలేసి దిగేదాన్ని. ఆ అవకాశం కూడా వాడు నాకివ్వలేదు.

ఏం, నీళ్ళు ముట్టకపోతే గొప్పవాడివైపోతావా? నువ్వు ముట్టకుండా ఉండాల్సింది నా నీళ్ళు కాదురా.

నమోదు 7. దిగుడు

ఇది దిగుడు దారిలో కూర్చుని రాస్తున్నాను. కింద చెరువు కట్ట, కట్ట చివర తూము ఠాణా, దాని పొయ్యి పొగ కనిపిస్తున్నాయి. ఇంత దగ్గర నుంచి చూస్తే చెరువు తోలు మీద ముడతలు కూడా తెలుస్తాయి, ముసలివాళ్ళ చేతి మీద ఉన్నట్టు.

మద్దిలేటి ఇందాక ఇక్కడే పడ్డాడు. జారలేదు, మోకాళ్ళ మీద కూలబడి పక్కకు ఒరిగాడు. నేను పైన నిలబడి చూశాను. నేను ఎక్కిన రోజు నుంచి కోరుకున్నది ఇదే, చెరువుతో సహా. వాడి పక్కన కూర్చున్నాను.

"నీళ్ళియ్యి" అన్నాను.

వాడి చెయ్యి వెతుక్కుంటూ వెళ్ళి తిత్తి మూతి మీద వేలు పెట్టింది. తాళం తెరుచుకుంది. మాట రాలేదు, పెదాలు మాత్రం ఆ మాటకే ఆడాయి. తిత్తి తీసుకుని తాగాను. నిజంగానే దప్పికగా ఉంది, పొద్దుటి నుంచి ఎండ అలా ఉంది. రెండో గుక్కలో ఉండగా వాడు అన్నాడు.

"నీళ్ళియ్యి."

ఆ మాట స్పష్టంగానే వచ్చింది. గట్టు మీద ఆ మాట వింటే చేతులు వాటంతట అవే తిత్తి మీదికి పోతాయి, చిన్నప్పటి నుంచి అలా పెంచారు మమ్మల్ని. నా చేతులు కదల్లేదు. మూడో గుక్క మింగాను. నాలుగోది కూడా. పిలుపు చెవిలో పడుతూనే ఉంది, గొంతు మింగుతూనే ఉంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఇంత సులువుగా జరుగుతాయని నాకు అప్పటిదాకా తెలీదు. ఆ సంగతి ఈ వెధవ వల్ల తెలుసుకోవాల్సి వచ్చినందుకు వీడి మీద ఇంకా మండిపోయింది.

వాడు రెండోసారి అడిగినప్పుడు తిత్తి నోటి నుంచి తీశాను. వాడి తల నా తొడ మీదికి లాగి, మూతి వాడి పెదాల మధ్య దూర్చాను.

"ఇవి నీ నీళ్ళు గావురా. నీవి గుంతలో ఉండాయి. ఇవి నావి. తాగు. తాగి బతికి, మా యమ్మ ముందర కూసోని చెప్పు. వాడు ఏమన్న్యాడో అంతా చెప్పు. 'అన్నా' అన్న్యాక నువ్వేం చేసినావో అది గూడా చెప్పు. నేను చెప్పను. నీ నోటితోనే చెప్పాల."

వాడు తల పక్కకు తిప్పుకోబోయాడు. ఇన్నాళ్ళకు నేను వాడిలో భయం చూశాను. చావబోయినప్పుడు కూడా లేని భయం అది. దవడ పట్టుకుని తిప్పి పోశాను. మొదటి చుక్కలు బయటికి కక్కాడు. తర్వాత ఒళ్ళు వాడి మాట వినలేదు. రెండు చేతులతో తిత్తి పట్టుకున్నాడు, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా తాగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు నా పక్కన పడుకుని ఉన్నాడు. ఊపిరి బాగానే ఆడుతోంది. తిత్తిలో ఇంక ఏమీ లేదు, నా నాలుక అప్పుడే ఎండుతోంది. లేవలేకపోతే వీపున వేసుకునైనా దింపుతాను. అంత సులువుగా వీణ్ణి చావనివ్వను. మా అమ్మ వినాల్సింది ఇంకా ఉంది.